కొత్తగా చేరిన విద్యార్థికి సైన్సు భవనం: దారులు, గదులు, సదుపాయాలు

ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ద్వారానో, తెలంగాణలో సీపీగెట్ ద్వారానో, కేంద్రీయ విశ్వవిద్యాలయమైతే సీయూఈటీ ద్వారానో ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థిని మొదటి వారంలో పాఠం కన్నా భవనమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. డిగ్రీ కళాశాలలో రెండు మూడు ప్రయోగశాలలు, ఒక స్టాఫ్ రూము, ఒక ఆఫీసు ఎక్కడున్నాయో తెలిస్తే మూడేళ్లూ గడిచిపోతాయి. విశ్వవిద్యాలయంలో అదే శాస్త్రానికి మూడు నాలుగు అంతస్తులు, ఒక్కొక్క ఆచార్యుడికి ఒక్కొక్క పరిశోధనశాల, ఎప్పుడూ తాళం వేసి ఉండే పరికరాల గదులు, వెనక వైపు గ్యాస్ సిలిండర్ల షెడ్డు, రోజుకు కొద్ది గంటలే తెరిచే స్టోర్సు ఉంటాయి. వీటన్నిటినీ కంఠస్థం చేయనక్కరలేదు. సైన్సు భవనంలో ఏ గది ఎక్కడ ఉండాలన్నది చాలావరకు బరువు, కంపనం, ఆవిరి, వెలుతురు, నీరు నిర్ణయిస్తాయి. ఆ కారణాలు తెలిసినవారు బోర్డు లేని చోట కూడా దారి పోల్చుకోగలరు. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా రసాయన శాస్త్ర భవనానివి, ఎందుకంటే సదుపాయాలూ ప్రమాదాలూ రెండూ అక్కడే ఎక్కువ.

గది సంఖ్య, ఆఫీసు, సంతకం

మన దేశంలో నేలమట్టపు అంతస్తును గ్రౌండ్ ఫ్లోర్ అనీ, దాని పైదాన్ని మొదటి అంతస్తు అనీ లెక్కపెడతాం కనుక, 204 అని ఉంటే రెండుసార్లు మెట్లెక్కాలని అర్థం చేసుకోవడం సహజం. కొత్త భవనాలలో ఈ లెక్క సాధారణంగా కుదురుతుంది. పాత భవనాలలో మాత్రం గదులు కట్టిన వరుసలోనే సంఖ్యలు వేసుకుంటూ పోయి ఉండవచ్చు, పక్కన తరవాత కట్టిన బ్లాకులో అదే సంఖ్య ముందు ఒక అక్షరం చేర్చి మళ్లీ వాడి ఉండవచ్చు, రెండు బ్లాకుల అంతస్తులూ ఒకే ఎత్తులో కలవక మధ్యలో నాలుగైదు మెట్లు ఉండవచ్చు. విశాఖపట్నంలో లాగా ఎత్తుపల్లాల నేల మీద కట్టిన ప్రాంగణాలలో రోడ్డు వైపు నుంచి లోపలికి అడుగుపెడితే అది గ్రౌండ్ ఫ్లోరే అన్న నమ్మకం కూడా ఉండదు. అందుచేత ఎవరినైనా దారి అడిగేటప్పుడు గది సంఖ్య ఒక్కటే చెప్పకుండా, ఏ బ్లాకు, ఏ మెట్ల దగ్గర అని కూడా అడగడం మంచిది. తలుపుల మీది పేర్లను పూర్తిగా నమ్మవద్దు; పదవీ విరమణ చేసిన ఆచార్యుల పేరుపలకలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం మన విశ్వవిద్యాలయాలలో మామూలే.

ఏ కాగితం ఏ ఆఫీసుకు పోతుందన్నది విశ్వవిద్యాలయపు నిర్మాణాన్ని బట్టి మారుతుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియాలోనూ, 1926లో ఏర్పడిన ఆంధ్రలోనూ సైన్సు శాఖలన్నీ ఒక సైన్సు కళాశాల కింద ఉంటాయి. అక్కడ మీ దరఖాస్తు శాఖాధిపతి సంతకం తరవాత ప్రిన్సిపాల్ కార్యాలయానికి వెళుతుంది, ఆ కార్యాలయం మీ శాఖ భవనంలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. 1974లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కళాశాలలకు బదులు స్కూళ్లు ఉన్నాయి, స్కూలుకు పెద్ద డీన్. కనుక ఫారం చేతికి రాగానే అడుగున ఎవరి సంతకానికి చోటు వదిలారో చూసుకుంటే, ఏ ఏ గదుల చుట్టూ తిరగాలో, ఏ వరుసలో తిరగాలో తెలుస్తుంది. ఆఫీసుకు భోజన విరామానికి ముందే వెళ్లడం మేలు.

భవనాన్ని బయటినుంచి చదవడం

లోపలికి వెళ్లేముందు ఒకసారి భవనం చుట్టూ తిరిగి చూడమని నా సలహా. డాబా మీద నుంచి లావుపాటి పీవీసీ గొట్టాలు, వాటి చివర పెద్ద ఫ్యానులు కనిపిస్తున్న చోట, వాటి కింద ఫ్యూమ్ హుడ్‌లున్న (ఆవిరిని లాగి బయటికి పంపే, అద్దం తలుపున్న అరలు) సింథసిస్ ల్యాబులు, అంటే రసాయనాలు తయారుచేసే ల్యాబులు ఉంటాయి. విషవాయువులనూ ద్రావకాల ఆవిరినీ పైకి పంపడానికి గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత సులువు కనుక, వీలున్న చోటల్లా సింథసిస్ ల్యాబులను పై అంతస్తులలో పెడతారు. వెనక వైపు ఇనుప జాలీ వేసిన చిన్న షెడ్డు కనిపిస్తే అది సిలిండర్ల నిలవ. బయట గోడవార పెద్ద ఏసీ యూనిట్లూ చిల్లర్లూ గుంపుగా కనిపిస్తే, ఆ గోడకు అవతల ఎప్పుడూ చల్లగా ఉంచవలసిన పరికరాలు ఉన్నాయని గ్రహించవచ్చు.

బరువైనవీ, కుదుపు పడనివీ కిందనే ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నానోమీటర్ల స్థాయిలో బొమ్మ తీసే యంత్రం. పై అంతస్తులో ఎవరైనా గట్టిగా నడిచినా, పక్కన లిఫ్టు కదిలినా ఆ బొమ్మ చెదురుతుంది. లేజర్ ప్రయోగాలు చేసే ఆప్టికల్ టేబుళ్లకూ ఇదే బాధ. అణువుల నిర్మాణాన్ని అయస్కాంత క్షేత్రంలో పరీక్షించే ఎన్ఎమ్ఆర్ పరికరంలోని అతివాహక అయస్కాంతానికి బరువుతో పాటు మరొక చిక్కు ఉంది: దగ్గరలో పెద్ద ఇనుప వస్తువు, అంటే లిఫ్టో, కారో కదిలితే అయస్కాంత క్షేత్రం చలిస్తుంది. అందుకే ఇవి సాధారణంగా గ్రౌండ్ ఫ్లోర్‌లో, రోడ్డుకూ లిఫ్టుకూ దూరంగా, నడవ చివరి గదులలో కనిపిస్తాయి.

భౌతిక శాస్త్రం వారి ఆప్టిక్స్ ల్యాబును కిటికీలు చూసి గుర్తుపట్టవచ్చు. సోడియం దీపంతోనూ పాదరస దీపంతోనూ చేసే ప్రయోగాలకు చీకటి కావాలి కనుక అద్దాలకు నల్లరంగు వేసో, నల్లటి తెరలు కట్టో ఉంచుతారు. జీవశాస్త్రాల భవనంలో కణాలను పెంచే గదులు కిటికీలకు దూరంగా, రెండు తలుపుల వెనక ఉంటాయి. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు గదులలో పట్టకో, అవి వదిలే వేడి భరించలేకో నడవలలోకి వచ్చి ఉంటాయి. ఒత్తిడిలో ఉన్న ఆవిరితో సామానును క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ గది ఎక్కువగా నీటి సదుపాయం ఉన్న మూలన, వాషింగ్ ఏరియా పక్కన ఉంటుంది. జంతుశాల వేరే భవనమే. అనుమతి లేనిదే అటు వెళ్లకూడదు.

తలుపు మీది గుర్తులు

సైన్సు భవనంలో తలుపు మీది పేరు కన్నా గుర్తులే ముఖ్యం. పసుపు నేపథ్యం మీద మూడు రెక్కల గుర్తు ఉంటే అక్కడ రేడియోధార్మిక పదార్థమో, ఎక్స్‌రే పరికరమో ఉంది. మూడు కొక్కేలు కలిసినట్టుండే గుర్తు సూక్ష్మజీవుల ప్రమాదాన్ని చెబుతుంది. లేజర్ గుర్తు ఉన్న గదికి బయట ఎర్ర దీపం వెలుగుతుంటే తలుపు తట్టి ఆగాలి; తోసుకుని వెళితే వెళ్లినవారి కళ్లకే ప్రమాదం.

రసాయనాల గది తలుపు మీద కొన్నిచోట్ల నాలుగు గళ్ల వజ్రాకారపు బోర్డు ఉంటుంది. నీలం గడి ఆరోగ్యానికి, ఎరుపు గడి మండే గుణానికి, పసుపు గడి అస్థిరతకు, తెలుపు గడి నీటితో చర్య వంటి ప్రత్యేక విషయాలకు. ఇందులో 0 అంటే ప్రమాదం లేనట్టు, 4 అంటే అత్యధికం. అయితే సీసాల లేబుళ్ల మీదా, వాటితో వచ్చే సేఫ్టీ డేటా షీట్ల మీదా వాడే అంతర్జాతీయ విధానంలో లెక్క తలకిందులు: అక్కడ ఒకటో కేటగిరీయే అన్నిటికన్నా ప్రమాదకరం. ఎరుపు అంచు వజ్రంలో నల్లబొమ్మ ఉన్నది ఈ రెండో పద్ధతి. ఒకే గదిలో తలుపు మీద ఒక లెక్క, సీసా మీద మరొక లెక్క ఉండడం వల్ల కొత్తవారు పొరబడుతుంటారు కనుక, ఏది చూస్తున్నారో ముందు తేల్చుకుని ఆ తరవాతే అంకె చదవండి.

ఎన్ఎమ్ఆర్ గది గురించి విడిగా చెప్పాలి. 400 మెగాహెర్ట్జ్ పరికరంలో అయస్కాంత క్షేత్రం 9.4 టెస్లా, అంటే 94,000 గాస్. భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ దరిదాపుల్లో ఉంటుంది. పైగా ఈ అయస్కాంతాన్ని ఆపి వేసే స్విచ్చు గోడమీద ఉండదు. కరెంటు పోయినా, గదికి తాళం వేసినా, సెలవు రోజైనా అది పనిచేస్తూనే ఉంటుంది. నేల మీద గీతో, గొలుసో ఉంటే అది 5 గాస్ హద్దు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు దాన్ని దాటకూడదు, మిగిలినవారు కూడా గడియారం, ఏటీఎం కార్డు, తాళంచెవులు, స్క్రూడ్రైవర్ బయట పెట్టి వెళ్లాలి. ఆ అయస్కాంతాన్ని మైనస్ 269 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ హీలియం చల్లబరుస్తుంది, దాని చుట్టూ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్ ఉంటుంది. పెద్ద చప్పుడుతో తెల్లటి పొగ ఎగజిమ్మితే ఏమైందో చూడడానికి నిలబడకుండా వెంటనే బయటికి రావాలి, ఎందుకంటే ఆ వాయువు గదిలోని ఆక్సిజన్‌ను తరిమేస్తుంది.

ద్రవ నైట్రోజన్ మోసుకెళ్లే లిఫ్టు విషయంలోనూ ఇదే కారణం పనిచేస్తుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. అందుచేత నిండు పాత్రను లిఫ్టులో ఒంటరిగా పంపించాలి. కింద ఒకరు ఎక్కించి బటన్ నొక్కితే, పైన మరొకరు అందుకోవాలి. మధ్య అంతస్తులో తలుపు తెరుచుకుని లోపల ఆ పాత్ర ఒక్కటే కనిపిస్తే ఎక్కకుండా వదిలేయండి.

మొదటి రోజే వెతికి పెట్టుకోవలసినవి

మీ ల్యాబు బల్ల దగ్గర నిలబడి, కళ్లు కడిగే ఐవాష్ ఎటు ఉందో, సేఫ్టీ షవర్ ఎటు ఉందో చూసుకోండి. పది సెకన్ల నడకలో అందాలన్నది వీటి ప్రమాణం. అందదనుకుంటే దగ్గరి కుళాయి ఏదో గుర్తుపెట్టుకోవాలి. ఆమ్లమో క్షారమో కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. రెండు నిమిషాలకే ఆపి ఆసుపత్రికి పరిగెత్తడం తప్పు. షవర్ గొలుసు లాగితే నీళ్లు వస్తాయో లేదో ల్యాబ్ అసిస్టెంటును అడిగి తెలుసుకోవడానికి మొహమాటపడకండి. దాని కింద అట్టపెట్టెలు పేర్చి ఉంటే తీయించండి.

అగ్నిమాపక సిలిండర్లలో ఏది దేనికో లేబుల్ చూసి ఉంచుకోవాలి. కరెంటు పరికరాలకు కార్బన్ డయాక్సైడ్ మంచిది, పొడి చల్లేది ద్రావకాల మంటలకూ పనికొస్తుంది. సోడియం వంటి లోహాలు అంటుకుంటే నీరూ పనికిరాదు, కార్బన్ డయాక్సైడూ పనికిరాదు. పొడి ఇసుక బకెట్ కావాలి. ఆ బకెట్ ఎక్కడుందో, అందులో చెత్త కాకుండా ఇసుకే ఉందో లేదో కూడా చూడండి. తరవాత గది మెయిన్ స్విచ్చు, గ్యాస్ వాల్వు, రెండో తలుపు. ఆ రెండో తలుపుకు అడ్డంగా బీరువా ఉండడం మన దగ్గర తరచూ కనిపించే లోపం, దీన్ని గైడ్ దృష్టికి తీసుకెళ్లడం విద్యార్థి చేయదగిన పనే. మంట లేచినప్పుడు లిఫ్టు ఎక్కకూడదు.

అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక కేంద్రానికి 101 ఉన్నాయి. కానీ వందల ఎకరాల ప్రాంగణంలో మీ భవనం ఏ గేటుకు దగ్గరో డ్రైవరుకు తెలియదు. ఫోను చేసేటప్పుడు విశ్వవిద్యాలయం పేరు మాత్రమే చెప్పకుండా గేటు పేరు చెప్పి, ఆ గేటు దగ్గరికి ఒక మనిషిని పంపడం వల్ల ఎంతో సమయం కలిసివస్తుంది. ప్రాంగణంలోని ఆరోగ్య కేంద్రం, సెక్యూరిటీ ఆఫీసు నంబర్లు కూడా ఫోనులో ఉంచుకోండి.

నడవలో గ్యాస్ సిలిండర్ కనిపిస్తే అది గోడకు గొలుసుతో కట్టి ఉండాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం హైడ్రోజన్‌కు ఎరుపు, ఆర్గాన్‌కు నీలం, నైట్రోజన్‌కు బూడిద రంగు ఒళ్లు, నల్లటి మెడ ఉంటాయి. అయినా రంగు వెలిసిపోయి ఉండవచ్చు కనుక లేబులే ప్రమాణం. హైడ్రోజన్, ఎసిటిలీన్ వంటి మండే వాయువుల వాల్వులకు ఎడమ చేతి మర ఉంటుంది. రెగ్యులేటర్ బిగుసుకోవడం లేదంటే మీరు తప్పు సిలిండర్ దగ్గర ఉన్నారేమో చూసుకోండి, బలం ప్రయోగించకండి.

స్టోర్సు, అటెండర్లు, సీనియర్లు

భవనం పటం ఎక్కడైనా గోడకు ఉందంటే సంతోషమే, కానీ అసలైన పటం అటెండర్ల దగ్గరే ఉంటుంది. ఏ తాళం ఎవరి దగ్గర, ఏ సార్ ఏ వేళకు వస్తారు, ఏ గది ఈ మధ్య మారింది అన్నవి వాళ్లకు తెలిసినంతగా ఆఫీసుకు కూడా తెలియవు. వయసులో పెద్దవారిని పేరు పెట్టి పిలవకుండా గౌరవంగా పలకరిస్తే పనులు సాఫీగా జరుగుతాయి. పరిశోధక విద్యార్థులను అన్నా, అక్కా అని పిలిచే అలవాటు చాలా శాఖలలో ఉంది. పరికరం వాడడం నిజానికి నేర్పేది వాళ్లే.

స్టోర్సులో ఏదైనా కావాలంటే ఇండెంట్ రాయాలి. పేరు, పరిమాణం, ఎవరి ఖాతాలో అన్నవి రాసి గైడ్ సంతకం చేయించి తీసుకెళ్లాలి. గాజుసామాను పగిలితే అదేరోజు బ్రేకేజీ పుస్తకంలో రాయించండి, చివర్లో నో డ్యూస్ (బాకీలు లేవన్న పత్రం) కోసం వచ్చినప్పుడు వాదన ఉండదు. శుద్ధమైన ఇథనాల్ మీద ఎక్సైజ్ నిబంధనలు ఉన్నందువల్ల అది విడిగా తాళంలో ఉంటుంది, ప్రతి మిల్లీలీటరుకూ రిజిస్టరులో లెక్క ఉంటుంది. స్టోర్ కీపర్ అడిగే ప్రశ్నలను అనుమానంగా తీసుకోవద్దు. కొన్ని శాఖలలో గ్లాస్ బ్లోయింగ్ విభాగం ఉంటుంది. చిట్లిన రౌండ్ బాటమ్ ఫ్లాస్కును పారేయకుండా కడిగి, ఆరబెట్టి అక్కడికి తీసుకెళితే అతికించే అవకాశం ఉంది. ద్రావకపు వాసన ఉన్న గాజును మాత్రం మంట దగ్గరికి పంపకూడదు.

పరికరాల గదులు

పరికరాలు రెండు రకాలు. కరుగు ఉష్ణోగ్రత చూసేది, నమూనా ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ విజిబుల్, ఐఆర్ వంటివి శిక్షణ తరవాత విద్యార్థులే వాడుకుంటారు. అక్కడ లాగ్‌బుక్కులో పేరు, సమయం, నమూనా రాయడం తప్పనిసరి. ఎన్ఎమ్ఆర్, అణువుల ద్రవ్యరాశి కొలిచే మాస్, స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వంటివి ఆపరేటర్ల చేతిలో ఉంటాయి, నమూనా ఇచ్చి రావాలి. ఖరీదైన వాటిని అన్ని శాఖలకూ కలిపి ఒకచోట పెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఉస్మానియాలో పరిశోధన కోసం నెలకొల్పిన కేంద్ర సదుపాయాల విభాగం అటువంటిదే.

అక్కడికి వెళ్లేముందు నమూనాను తగిన రూపంలో సిద్ధం చేసుకోకపోతే వరసలో నిలబడ్డ సమయం వృథా. ఎన్ఎమ్ఆర్‌కు మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ద్రావకంలో, 5 మిల్లీమీటర్ల ట్యూబులో సుమారు 0.6 మిల్లీలీటర్లు తేటగా ఉండాలి, అడుగున మడ్డి ఉండకూడదు. పౌడర్ ఎక్స్‌రేకు మెత్తగా నూరిన పొడి కావాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు నమూనా పూర్తిగా ఆరి ఉండాలి, విద్యుత్తు ప్రసరించనిదైతే పైన బంగారు పూత వేయించాలి. లేబుల్ మీద మీ పేరు ఒక్కటే రాస్తే చాలదు. గైడ్ పేరు, నోటుబుక్కులోని సంఖ్య, తేమకో వెలుతురుకో చెడిపోతుందా, విషమా అన్నవి కూడా రాయండి.

జీవశాస్త్రం వైపు వెళ్లేవారు ఒక తేడా గమనించాలి. లామినార్ ఫ్లో బల్ల శుభ్రమైన గాలిని మీ వైపు ఊదుతుంది, అంటే అది నమూనాను కాపాడుతుంది తప్ప మిమ్మల్ని కాదు. రోగకారక జీవులతో పనికి బయోసేఫ్టీ కేబినెట్ ఉన్న గది వెతుక్కోవాలి. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. ఆటోక్లేవ్ సాధారణంగా 121 డిగ్రీల దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు నడుస్తుంది కానీ, వేడెక్కడానికీ చల్లారడానికీ పట్టే సమయం కలుపుకుని స్లాటు రాసుకోండి.

చదువుకునే చోట్లు, రాత్రి వేళలు

శాఖ లైబ్రరీ వేరు, కేంద్ర గ్రంథాలయం వేరు. పత్రికల విషయంలో ఇప్పుడు గదితో పెద్దగా పని లేదు: 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పత్రికలు అందుతున్నాయి, ప్రాంగణపు నెట్‌వర్క్‌లో ఉంటే చాలు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో మీ శాఖ నుంచి ఈ మధ్య వచ్చిన సిద్ధాంత గ్రంథాలు రెండు మూడు తెరిచి చూడండి. ప్రయోగ విధానం రాసిన అధ్యాయంలో ఏ కొలత ఏ పరికరం మీద, ఎక్కడ చేశారో ఉంటుంది; కృతజ్ఞతల పేజీలో ఆ పరికరాల ఆపరేటర్ల పేర్లు కనిపిస్తాయి. భవనం గురించి ఇంతకన్నా నమ్మదగిన సమాచారం నోటీసు బోర్డులో దొరకదు.

తాగునీటి కూలరు, మరుగుదొడ్లు, ర్యాంపు, లిఫ్టు ఏ మూలన ఉన్నాయో ఒక్క చుట్టు తిరిగితే తెలిసిపోతుంది. ల్యాబు కుళాయి నీళ్లు తాగకూడదు, ల్యాబు ఫ్రిజ్‌లో టిఫిన్ డబ్బా పెట్టకూడదు.

సాయంత్రం తరవాత ఉండాలంటే గైడ్ అనుమతి పత్రం, సెక్యూరిటీ దగ్గర తాళాల రిజిస్టరులో సంతకం అవసరమవుతాయి. ఒంటరిగా ప్రయోగం చేయకూడదు. కరెంటు పోయిందంటే ఫ్యూమ్ హుడ్ ఫ్యాను ఆగుతుంది, జనరేటర్ అన్ని గదులకూ ఇవ్వకపోవచ్చు. వేడి ఆపి, హుడ్ అద్దం కిందికి దించి, గదిలోంచి బయటికి రండి.

మీ భవనంలో లేని పరికరం కోసం బయటికి వెళ్లవలసి వస్తే, దేశంలోని ప్రభుత్వ సంస్థల పరికరాలను వెతికి బుక్ చేసుకోవడానికి ఐ స్టెమ్ అనే పోర్టల్ ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి తార్నాకలో, 1944లో మొదలైన రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ, దాని దగ్గరలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉన్నాయి. బయటి సంస్థకు నమూనా పంపేటప్పుడు గైడ్ ఉత్తరం, రుసుము చెల్లించిన రసీదు, ప్రమాద వివరాలు జత చేయాలి. మిగిలిన నమూనా తిరిగి కావాలంటే ఆ మాట ఫారంలో ముందే రాసి, తీసుకోవడానికి ఎప్పుడు రావాలో ఆపరేటర్‌ను అడిగి ఉంచుకోండి.